రివెట్టా, స్క్రూనా? బోటు డెక్ మీద మామా అల్లుళ్ళ వాదం

మా పెరట్లో మామిడిచెట్టు కింద 14 అడుగుల అల్యూమినియం బోటు ఒకటి ఉంది. ఒక రిసార్టువాళ్ళు పాత సామాను కింద వదిలించుకుంటుంటే కొన్నాను. భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసేచోట ఆదివారాలు గాలం వేసుకుని కూర్చోవచ్చని ఆశ. బాడీ గట్టిగానే ఉంది. లోపల డెక్ ప్లై మాత్రం కుళ్ళిపోయింది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఆ రోజుల్లో విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లన్నీ రిపేర్లలో ఉంటాయి, పనివాళ్ళు దొరకరు. నాకు దొరికింది ఇద్దరే. ఒకరు మా మావయ్య, షిప్‌యార్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. రెండోది ఆయన అల్లుడు. గాజువాకలో ఇంటీరియర్ పనులు చేయిస్తాడు, ప్లై షీటు మీద వేలితో తట్టి లోపల బోలు ఉందో లేదో చెప్పేస్తాడు. ఇద్దరూ ఒకరినొకరు 'గారు' లేకుండా పిలుచుకోరు. కోపం పెరిగేకొద్దీ గార్లూ పెరుగుతాయి.

పాత డెక్ ఊడదీయడానికి ఒక పూట పట్టింది. ఎవరో ఇనప స్క్రూలతో బిగించారు. డ్రైవరు పెట్టి తిప్పితే తలలు పుటుక్కున ఊడి చేతికొచ్చాయి, కాడలు అక్కడే ఉండిపోయాయి. ప్లై మడతకాజాలా పొరలు పొరలుగా విడిపోయింది. డెక్‌ని మోయడానికి అడ్డంగా వేసిన ఎల్ ఆకారపు అల్యూమినియం పట్టీల (యాంగిళ్ళ) మీద ప్రతి కన్నం చుట్టూ సున్నం రాసినట్టు తెల్లపొడి. గోరుతో గీకితే పొడి రాలింది, కింద లోహమంతా గుంటలే. అన్నిటికంటే అడుగున, బురదలో, పసుపురంగు 5 రూపాయల నాణెం దొరికింది. అది తీస్తే కింద సరిగ్గా దాని సైజులోనే గుండ్రటి మచ్చ, ఆ మచ్చలో పెన్సిలు మొనతో పొడిచినట్టు గుంటలు. మావయ్య వేలితో తడిమి, "ఇంకొన్నాళ్ళుంటే చిల్లే" అన్నారు. అది అక్కడికెలా వచ్చిందో అప్పటికి మాకెవరికీ తట్టలేదు.

కొత్త ప్లైని ఆ యాంగిళ్ళకి దేనితో బిగించాలి? తిప్పితే ఊడొచ్చే స్క్రూతోనా, ఒకసారి కొడితే తొలిస్తే తప్ప రాని రివెట్టుతోనా? అక్కడ మొదలైంది. టీలు అందిస్తూ నేను విన్నంత మేరకు ఇది.

మావయ్య: ఇందులో ఆలోచించడానికి ఏటుందండీ అల్లుడుగారూ? అల్యూమినియం బోటుకి అల్యూమినియం రివెట్టే. స్టీలు స్క్రూ దింపారంటే బ్యాటరీ పెట్టినట్టే. రెండు రకాల లోహాలు, మధ్యలో ఉప్పునీళ్ళు. కరెంటు పుడుతుంది, అల్యూమినియం కరుగుతుంది. ఆ నాణెం కింద చూశారుగా.

అల్లుడు: నాణెంలో రాగి ఎక్కువండీ మావయ్యగారూ. నేను చెప్పేది స్టెయిన్‌లెస్ స్టీలు, అందులోనూ ఉప్పుకి బాగా తట్టుకునే 316 రకం. అదీ అల్యూమినియాన్ని తింటుంది, కాదనను. కానీ ఎంత స్టీలు, ఎంత అల్యూమినియం అన్నది చూడాలి కదా. చిటికెన వేలంత స్క్రూ, ఇంత బోటు. ఆ తినేదేదో అంతటా పంచుకుపోతుంది. అదే పెద్ద స్టీలు రేకుకి చిన్న అల్యూమినియం రివెట్టు కొడితే, ముందు పోయేది రివెట్టే.

మావయ్య: బోటు నీళ్ళలో మునిగి ఉన్నప్పుడు కదా పంచుకుపోయేది! డెక్ కింద యాంగిలు మీద ఉండేది సముద్రం కాదండీ, చెమ్మ. పల్చటి ఉప్పు తడి. అందులో కరెంటు ఎంతో దూరం పోదు, స్క్రూ చుట్టూ పావంగుళంలోనే దాని పనంతా కానిచ్చేస్తుంది. ఆ తెల్లపొడి కన్నాల చుట్టూనే ఎందుకుందో చెప్పండి.

అల్లుడు టీ గ్లాసు కింద పెట్టాడు. మొదటి రౌండు మావయ్యదేనని నేనూ అనుకున్నాను.

అల్లుడు: సరే, మీ రివెట్టు సంగతే చూద్దాం. 12 మి.మీ. ప్లై, 3 మి.మీ. యాంగిలు, కలిపి 15. మామూలుగా షాపులో ఇచ్చే పాప్ రివెట్లు రేకుకి రేకు కలిపేవి, 15 పట్టవు. అది అలా ఉంచండి. అల్యూమినియం రివెట్టు అంటారే, మధ్యలో గన్నుతో లాగే మేకు దేనిదండీ?

మావయ్య: (కాసేపాగి) ఇనుముది.

అల్లుడు: ఇనుముది. లాగితే మేకు తెగుతుంది, ముక్క లోపలే ఉండిపోతుంది. 60 రివెట్లు కొడితే 60 ఇనప ముక్కలు మన చేతులతో మనమే పాతిపెట్టినట్టు. పైగా మధ్యలో బోలు. డెక్ మీద పడ్డ ప్రతి కెరటానికీ అరవై దారులు.

మావయ్య: షాపులో ముందున్న డబ్బా చూసి నా మీద పడితే ఎలాగండీ? క్లోజ్డ్ ఎండ్ రివెట్టు అని అడగాలి. కింద మూసి ఉంటుంది, నీరు దిగదు. మేకు కూడా అల్యూమినియందే ఉన్నవి తెప్పించుకోవాలి. తల వెడల్పుగా ఉన్నది చూసుకోవాలి, లేకపోతే ప్లైలోకి దిగిపోతుంది. మరి మీ సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూ మాటేటి? లావు మర కదా, 3 మి.మీ.లో రెండు చుట్లు పడితే గొప్ప. ఇంజను అదురుకీ కెరటాల దెబ్బకీ వదులవుతుంది. మళ్ళీ బిగిస్తే కన్నం అరిగిపోయి గిర్రున తిరుగుతుంది. మీ అత్తగారి కుక్కర్ పిడి గుర్తుందా? స్క్రూ బిగించీ బిగించీ చివరికి గుడ్డపీలిక చుట్టుకుని వాడింది.

అల్లుడు: సెల్ఫ్ ట్యాపింగ్ వేస్తానని నేనెప్పుడన్నానండీ? చెయ్యి దూరేచోట 5 మి.మీ. లావున్న ఎం5 బోల్టు, కింద వాషరు, వదులవకుండా లోపల నైలాన్ రింగున్న నైలాక్ నట్టు. చెయ్యి దూరనిచోట యాంగిల్లో రివెట్టులా కన్నానికే బిగుసుకుపోయే, లోపల మర ఉన్న అల్యూమినియం రివెట్ నట్టు కూర్చోబెట్టి, పైనుంచి బోల్టు.

మావయ్య: రివెట్ నట్టు! ఆ నట్టు యాంగిల్లో గుండ్రంగా తిరగడం మొదలెట్టిన రోజు బోల్టు బయటికి రాదు, లోపలికి పోదు. అప్పుడు నాకు ఫోన్ చేస్తారు.

అల్లుడు: కన్నం వదులుగా పెట్టినవాళ్ళకి తిరుగుతుందండీ. సరైన బిట్టుతో పెడితే తిరగదు.

ఇక్కడ అల్లుడు లేచి, పక్కన ఆరబెట్టిన పాత ఫోము ముక్క ఒకటి తెచ్చాడు. డెక్ కింద బోటు తేలడానికి నింపే ఫోము అది. రెండు రోజులు ఎండలో పెట్టినా ఇంకా బరువుగానే ఉంది. రెండు చేతులతో నొక్కితే నల్లటి నీరు కారింది, పీతలు కుళ్ళిన వాసన.

అల్లుడు: అసలు మాట ఇదండీ మావయ్యగారూ. ఈ డెక్ మళ్ళీ తీయాలి. రెండేళ్ళకో మూడేళ్ళకో, తీసి తీరాలి. కింద డ్రెయిను ఉంది, లైటు వైర్లున్నాయి, ఈ ఫోముంది. ఎవరూ తీయలేదు కాబట్టే ఇది ఇలా నానింది. తీయడానికి కష్టమైతే మీరూ తీయరు, నేనూ తీయను, ఇదిగో ఈయన అసలే తీయడు.

(ఈయన అంటే నేను.)

మావయ్య: రివెట్టు తీయడం పెద్ద పనేటండీ? బిట్టు పెట్టి తల కొట్టేయడమే. సర్వీసంతా అదే పని.

అల్లుడు: మీ చేతిలో సరే. ఈయన చేతిలో బిట్టుతోపాటు రివెట్టూ తిరుగుతూ ఉంటుంది, కన్నం కోడిగుడ్డులా సాగుతుంది. తల పోయాక తోక డెక్ కింద పడుతుంది. అరవై తోకలు లోపల గలగలలాడుతుంటే గాలానికి చేప పడుతుందా?

మావయ్యకి నవ్వొచ్చింది, ఆపుకున్నారు. నా మటుకు నాకు ఇక్కడే తేలిపోయింది. లోహం, లోహం అని ఇద్దరూ ఎంత కొట్టుకున్నా, ఎప్పటికీ తెరవని డెక్ ఏ మేకుతో కొట్టినా ఒకటే. తెరవాల్సిన డెక్‌కి తిప్పితే వచ్చేదే కావాలి. కానీ మావయ్య అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. ప్రతి వాదంలోనూ ఆయన 'జల ఉష' దగ్గరికి వెళ్ళొస్తారు. 1948 మార్చిలో నెహ్రూ వచ్చి మన షిప్‌యార్డులో నీళ్ళలోకి దింపిన ఓడ. అప్పటికి మావయ్య పుట్టనేలేదు. అయినా తనే ముహూర్తం పెట్టినట్టు మాట్లాడతారు. ఈసారి ఇంకా వెనక్కి వెళ్ళారు.

మావయ్య: 1761లో బ్రిటిష్ నేవీ 'అలారం' అనే యుద్ధనౌక అడుగుకి రాగి రేకు వేయించింది, పురుగు చెక్క తినకుండా. మేకులు మాత్రం ఇనుమువి. రెండేళ్ళ తర్వాత ఒడ్డుకి లాగి చూస్తే మేకులు గుజ్జైపోయి రేకులు ఊడుతున్నాయి. కానీ కొన్ని మేకులు కొత్తవాటిలా ఉన్నాయి. ఎందుకో తెలుసా? రేకులు చుట్టి వచ్చిన మందపాటి కాగితాన్ని కూలీలు కొన్నిచోట్ల తీయకుండానే మేకు కొట్టేశారు. ఆ కాగితం ముక్క రాగినీ ఇనుమునీ తగలనివ్వలేదు. అప్రెంటిస్ రోజుల్లో మా ఇన్‌స్ట్రక్టరు చెప్పిన కథ. మీరు స్టీలు వేసుకోండి, నాకేటి. కాగితం ఏదని అడుగుతున్నాను.

అల్లుడు: పేస్టు రాస్తానండీ. స్టీలుకీ అల్యూమినియానికీ మధ్య పెట్టే జింక్ క్రోమేట్ పేస్టు ఉంటుంది, బోల్టు మర నిండా అదే. తల కింద నైలాన్ వాషరు.

మావయ్య: బోల్టు కాడ కన్నం అంచుకి తగలదా? నట్టు కింద వాషరు స్టీలుదేగా? అక్కడా పేస్టే. యాంగిలు తొలిచిన కన్నానికి ముందు ప్రైమరు. స్టెయిన్‌లెస్ నట్టు స్టెయిన్‌లెస్ బోల్టు మీద పొడిగా బిగిస్తే మధ్యలో పట్టేసి ఇటూ అటూ కదలదు, ఆ పేస్టు దానికీ పనికొస్తుంది. అన్నట్టు 316 అని ఇస్తే 316 అని ఎలా నమ్మారు?

అల్లుడు: అయస్కాంతం పట్టలేదండీ.

మావయ్య: చవకరకం స్టెయిన్‌లెస్ 304 కూడా పట్టదండీ అల్లుడుగారూ.

ఇది తగిలింది. సాయంత్రం వెళ్ళి, పెట్టె మీద గ్రేడు రాసి ఉన్నవే తీసుకొచ్చాడు. రేటు విని నాకు చెమట పట్టింది.

ఆ తర్వాత ప్లై దగ్గరికి వచ్చేసరికి అల్లుడిదే రాజ్యం. మెరైన్ ప్లైకి భారత ప్రమాణమైన ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న షీటు తెచ్చాడు. పురుగుకీ బూజుకీ మందు పట్టించిన ప్లై, ఆ మందులో రాగి ఉండొచ్చు, కాబట్టి పచ్చి ప్లైని యాంగిలు మీద ఆనించకూడదని మావయ్య అంటే, ఆ మాట తానే చెప్పబోతున్నానన్నాడు అల్లుడు. ఎపాక్సీ మూడు పూతలు, అంచులకి ఇంకోటి. కన్నాలు మాత్రం విన్నారా? కావలసినదానికంటే పెద్దవి తొలిచి, వాటి నిండా ఎపాక్సీ పోసి, గట్టిపడ్డాక దాని మధ్యలో మళ్ళీ సన్న బిట్టుతో తొలిచాడు. ఇప్పుడు బోల్టు వెళ్ళే దారిలో ఎక్కడా చెక్క కనబడదు, చుట్టూ తేనెరంగు గొట్టం. కన్నంలోకి దిగిన నీరు ప్లైకి తగలనే తగలదు. ఆ ఒక్క పనికే రెండు రోజులు. మన ఉక్కపోతకి ఎపాక్సీ మీద మైనంలాంటి జిగురు తేలుతుంది, ప్రతి పూతకీ ముందు నీళ్ళతో కడిగి తుడవాల్సి వచ్చింది. మావయ్య మాట్లాడకుండా చూస్తూ కూర్చున్నారు. ఆయన మాట్లాడకపోవడమంటే మెచ్చుకోవడమే.

మళ్ళీ రేగింది సీలెంటు దగ్గర. నేను ఇంట్లో బాత్రూముకి వాడగా మిగిలిన సిలికాన్ ట్యూబు తెచ్చిచ్చాను.

మావయ్య: (మూత తీసి వాసన చూసి) వెనిగర్ వాసన. యాసిడ్. దీన్నా అల్యూమినియానికి పూసేది?

అల్లుడు: పాలీయూరిథేన్ వేస్తే వదలదు, డెక్ తీసేటప్పుడు ప్లై చీలి వస్తుంది. పాలీసల్ఫైడ్ వేద్దాం, కోస్తే తెగుతుంది.

మావయ్య: మీకు ఎంతసేపూ తీసే ధ్యాసే.

అల్లుడు: అవునండీ.

చివరికి ముందుమూల, ముక్కు కింద ఇరుకులో ఉన్న చిన్న ముక్క మావయ్యకి వదిలేశాం. దాని కింద ఫోమూ లేదు, వైరూ లేదు. ఆయన కోరిన క్లోజ్డ్ ఎండ్ రివెట్లు 14, వరసగా, దారం పట్టి గీసినట్టు కొట్టారు. మిగతా డెక్ అంతా బోల్టులు, అడుగుకొకటి. ప్లైలో కన్నాలు కాస్త వదులుగానే ఉంచాడు అల్లుడు. మే నెల మధ్యాహ్నం ఆ బోటు మీద చెయ్యి పెట్టలేం. 8 అడుగుల అల్యూమినియం 30 డిగ్రీలు వేడెక్కితే ఒకటిన్నర మి.మీ. పైన సాగుతుంది, చెక్క అంత సాగదు, ఆ తేడాకి చోటుండాలని. మావయ్య కాలిక్యులేటరు తెప్పించి లెక్క సరిచూసుకున్నారు. ఆఖరున తొలిచిన పొడంతా ఊడ్చి, ఇనప రజను ఎక్కడైనా మిగిలిందేమోనని అయస్కాంతం తిప్పారు.

పని అయ్యాక అమ్మ కొబ్బరికాయ, పసుపు, కుంకుమ పట్టుకుని వచ్చింది. గంగమ్మకి చెప్పకుండా బోటు నీళ్ళలోకి ఎలా దింపుతారని. కాయ కొట్టింది, బొట్టు పెట్టింది. కొంగు ముడి విప్పి పసుపురంగు 5 రూపాయల బిళ్ళ తీసి డ్రెయిను మూత వైపు చెయ్యి చాపింది.

మావయ్య, అల్లుడు: (ఒకేసారి) వద్దు!

అమ్మ: ఏఁ? గంగమ్మకి దక్షిణ వెయ్యకూడదా? ఎవరి బోటులోనైనా వేస్తారు.

ముగ్గురం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. పాత నాణెం ఎలా వచ్చిందో అప్పుడర్థమైంది.

మావయ్య: వెయ్యకూడదని కాదక్కా. ఆగు. మన కాలంలో పది పైసల బిళ్ళలు ఉండేవి, అంచు వంకీలు వంకీలుగా, తేలిగ్గా. అవి అల్యూమినియం. ఇంట్లో డబ్బాలో ఉండాలి.

అని అల్లుడి వైపు తిరిగారు.

మావయ్య: బండి తీయండి అల్లుడుగారూ.