విలన్లకు లెక్కలు రావు

తమిళ సినిమా విలన్లను చూస్తే నాకు జాలి. మనిషిని చంపడం బాగానే వచ్చు పాపం, పుట్టిన పిల్లల్ని లెక్కపెట్టడమే రాదు.

1989లో వచ్చిన 'అపూర్వ సహోదరర్గళ్' సంగతే తీసుకోండి. మనం 'విచిత్ర సోదరులు'గా చూసిందే, తీసింది మన సింగీతం శ్రీనివాసరావుగారే. నలుగురు పెద్దమనుషులు కలిసి నిజాయతీపరుడైన పోలీసు అధికారిని చంపేశారు. నిండు చూలాలైన అతని భార్యకు విషం కూడా పట్టారు. ఇంత పకడ్బందీగా పనిచేసినవాళ్లు, పుట్టింది ఒకడా ఇద్దరా అని మాత్రం ఆరా తీయలేదు. ఆ ఒక్క నిర్లక్ష్యానికి పాతికేళ్ల తర్వాత ప్రాణాలతో వడ్డీ కట్టారు.

పుట్టింది కవలలు, రెండు వేషాలూ కమల్‌హాసన్‌వే. ఇద్దరిలో అప్పు సర్కస్‌లో పొట్టివాడు, రాజా మెకానిక్. చంపేది అప్పు, పోలీసులు పడేది రాజా వెంట. ఇద్దరికీ ఎత్తులో నడుముకీ తలకీ ఉన్నంత తేడా. అయినా ఇన్‌స్పెక్టర్‌గారికి రాజాయే కావాలి. కమల్‌హాసన్ పాపం కాళ్లు మడిచి, మోకాళ్లకు బూట్లు తొడిగి అంత కష్టపడింది ఎవరికోసం?

పోనీ, ఎవరూ హెచ్చరించలేదా అంటే అదీ కాదు. 1949లోనే జెమినీ స్టూడియో అధిపతి వాసన్ ఇదే పేరుతో కవలల పగ కథ తీశారు. 1965లో ఎం.జి.ఆర్. 'ఎంగ వీట్టు పిళ్లై' వచ్చింది. అది మన 'రాముడు భీముడు' ఇంటి నుంచి వెళ్లిన బిడ్డే, రెండు చోట్లా దర్శకుడు తాపీ చాణక్యే. అందులో బావగారు ఇంట్లో కొరడా పట్టుకుని తిరుగుతుంటాడు. ఒకరోజు తన బావమరిది ఉన్నట్టుండి ఆ కొరడా లాక్కుని ఎదురు బాదుతాడు. రాత్రి దాకా పిల్లిలా వణికినవాడికి తెల్లారేసరికి ఇంత ధైర్యం ఎలా వచ్చిందని అనుమానమైనా రావద్దా? ఒక్కడికి ఇంకో కాపీ ఉండొచ్చన్న ఆలోచనే వాళ్ల బుర్రకెక్కదు.

కాబట్టి ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నా సలహా ఒకటే. పోలీసు అధికారిని చంపే ముందు మంత్రసానికి ఓ మంచి చీర పెట్టి ఎంతమందో అడిగి ఉంచుకోండి. ఇద్దరంటే జాగ్రత్తపడండి. అంతకు మించి అంటే ఊరు వదిలేయండి. ఎందుకంటే సింగీతంగారూ కమల్‌హాసనూ ఇద్దరితో ఆగలేదు. మరుసటి ఏడాదే 'మైఖేల్ మదన కామరాజన్' తీసి ఏకంగా నలుగుర్ని దించారు.