మన ఊరి కంప్యూటర్లకు ఒక పూట

మన తెలుగు సంఘం సంక్రాంతి సంబరాల్లో వేసిన హాస్య నాటిక చూసి హాలంతా పగలబడి నవ్వింది. పంచె కట్టిన కోనసీమ వ్యాపారి వచ్చిన ఈమెయిలల్లా తెరవడం, వైరస్ పోవాలని కంప్యూటర్ ముందు కొబ్బరికాయ కొట్టడం! పిల్లలు చక్కగా నటించారు. నా కోపమంతా ఆ నాటిక రాసిచ్చిన పెద్దల మీదే.

కడియపులంకలో మా బాబాయికి నర్సరీ ఉంది. తొలకరి పడగానే ఊపిరాడనన్ని ఆర్డర్లు. అలాంటి రోజుల్లోనే పాత ఖాతాదారు పేరుతో, కావలసిన మొక్కల జాబితా పంపుతున్నామంటూ ఈమెయిల్ వచ్చింది. గుమాస్తా తెరిచాడు. ఫైలు పేరు చివర అతనికి కనిపించింది పీడీఎఫ్ అనే. దాని వెనక ఈఎక్స్‌ఈ అన్న అసలు తోక ఉంది; అంటే అది జాబితా కాదు, తెరవగానే పని మొదలెట్టే ప్రోగ్రాం. మనం మార్చుకుంటే తప్ప విండోస్ దాన్ని చూపించదు. సాయంత్రానికి ఒక్క బిల్లూ తెరుచుకోలేదు. డబ్బు కడితేనే తాళం తీస్తామని తెర మీద బెదిరింపు. బ్యాకప్ హార్డ్ డిస్కు ఉంది గానీ, రాత్రింబవళ్లూ కంప్యూటర్‌కే తగిలించి ఉంచడంతో అదీ పోయింది.

బాబాయి పైసా కట్టలేదు. పిన్నికి ఏ రోజు పద్దు ఆ రోజు రాసుకునే అలవాటు. లారీ నంబరు, ఎక్కించిన మామిడి అంట్లు, కొబ్బరి మొక్కలు, అందిన అడ్వాన్సు, రావలసిన బాకీ అన్నీ ఆమె పుస్తకంలో ఉన్నాయి. దాన్ని ముందేసుకుని నెల రోజులు కూర్చుని లెక్కలు తిరిగి నిలబెట్టారు. నాటికలో ఆ పిన్ని లేదు.

చదువు లేకే ఇలా జరుగుతుందంటే నేనొప్పుకోను. 2000 మే నెలలో ‘ఐ లవ్ యూ’ వైరస్ ప్రపంచాన్ని చుట్టేసిందీ ఈ తోక దాచే ఉపాయంతోనే. బ్రిటన్ పార్లమెంటు, అమెరికా రక్షణ శాఖ కార్యాలయం పెంటగాన్ సైతం ఈమెయిల్ ఆపుకోవలసి వచ్చింది.

అలాగని మనవాళ్లను పూర్తిగా వెనకేసుకురాలేను. పాస్‌వర్డ్ గోడ మీది క్యాలెండర్ మీద రాసి ఉంటుంది. పద్దుల కంప్యూటర్‌లోనే పిల్లల ఆటలు, అందులోనే పక్కింటివారి హాల్‌టికెట్లు. అడిగినవారికి లేదనలేని మంచితనం అది. నాకెంతో ఇష్టమైనదే అయినా, వ్యాపారానికి మాత్రం ముప్పు.

మనలో చాలామందికి ఈ కంప్యూటర్ విద్యే కూడు పెడుతోంది. ఈసారి ఊరు వెళ్లినప్పుడు ఒక పూట ఆ కంప్యూటర్ ముందు కూర్చోండి. ఫైళ్ల తోకలు కనిపించేలా చేయండి. ఈమెయిల్‌కు పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌కొచ్చే కోడ్ కూడా అడిగే రెండంచెల తనిఖీ పెట్టండి. బ్యాకప్ కాగానే డిస్కు ఊడదీసి బీరువాలో పెట్టడం అలవాటు చేయండి. కొత్త ఆర్డరు వస్తే, ఫైలు తెరవకముందే తమ దగ్గరున్న పాత నంబరుకు ఫోన్ చేసి కనుక్కోమనండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చెప్పాలని గుమాస్తాకు కూడా నేర్పండి.

సంఘం కార్యవర్గానికి ఒక విన్నపం: ఉగాది వేదిక మీద దీనికి పది నిమిషాలు ఇవ్వండి. ఊళ్లకు పంపేందుకు తెలుగులో ఒక పేజీ నేను రాసిస్తాను.