ప్లాటినం నాణేలు: ఔన్సులో పదో వంతుతో మొదలుపెట్టేవారి కోసం

ప్లాటినం నాణేలు సేకరించదలచినవారు ఒక ఔన్సు నాణేన్నే కొనాలనీ, చిన్నవాటిపై గ్రాముకు పడే అదనపు ధర ఎక్కువనీ నేను చదివిన ఒక వ్యాసంలో రాసినది లెక్క ప్రకారం నిజమే. అయితే తిరుపతిలో నెల జీతంతో ఇల్లు నడుపుకునే నావంటి వారికి ఒక ఔన్సు, అంటే 31.1 గ్రాముల ప్లాటినం ఒకేసారి కొనడం సాధ్యం కాదు కనుక, ఏటా చీటీ డబ్బు చేతికందినప్పుడు ఔన్సులో పదో వంతు నాణెం ఒక్కటి మాత్రమే కొంటున్నాను.

అమెరికా టంకశాల 1997లో ప్లాటినం ఈగిల్ అనే నాణేన్ని తెచ్చినప్పుడు ఒక ఔన్సుతో పాటు అర, పావు, పదో వంతు పరిమాణాల్లోనూ ముద్రించింది. 2008 తరువాత ఆ చిన్నవి ఆగిపోయాయి. కాబట్టి ఇప్పుడు దొరికే చిన్న ఈగిల్ నాణేలు చాలావరకు చేతులు మారినవే, వాటిని పరీక్షించకుండా తీసుకోకూడదు.

గాంధీ రోడ్డులోని ఒక నగల దుకాణంలో నా నాణేన్ని గీటురాయిపై గీసి, తెల్లని గీత చూసి, వెండేనేమో అన్నారు. అంత చిన్న నాణెంపై గీత పడినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. ఇంటికి వచ్చి, చిన్న ఎలక్ట్రానిక్ త్రాసుపై గ్లాసెడు నీళ్లు పెట్టి, అంకెను సున్నా చేసి, దారానికి కట్టిన నాణేన్ని అడుగు తగలకుండా నీటిలో ముంచాను. అంకె, అంటే నాణెం పక్కకు తోసిన నీటి బరువు, 0.15 గ్రాముల దగ్గర నిలిచింది, అంతే బరువున్న 3.11 గ్రాముల వెండి అయితే దాదాపు 0.30 చూపాలి. ప్లాటినం సాంద్రత వెండికి రెండింతలు కావడమే దీనికి కారణం.

ఇక్కడ బంగారాన్ని కుదువ పెట్టినంత సులువుగా ప్లాటినాన్ని ఎవరూ తీసుకోరు గనుక, పిల్లల ఫీజుకు దాచిన డబ్బుతో మాత్రం దయచేసి వీటిని కొనవద్దు.