సగటు చూపించి సర్దుకోమంటే ఎట్లా?

వృద్ధి రేటు పెరిగితే పేదరికం దానంతటదే పోతుందని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. పెద్ద రాష్ట్రాల్లో తలసరి ఆదాయంలో తెలంగాణ ముందువరుసలో ఉంది, కాదనను. పేదరికం తగ్గిందన్నదీ నిజమే. నీతి ఆయోగ్ బహుముఖ పేదరిక లెక్కలో 2015-16లో రాష్ట్రంలో 13 శాతానికి పైగా ఉన్న పేదలు 2019-21 నాటికి 6 శాతం లోపుకి వచ్చారు. గ్యాసు, కరెంటు, బ్యాంకు ఖాతా కూడా ఆ లెక్కలో ఉంటాయి. అవి వచ్చాయి, సంతోషం.

మరి అదే కాలంలో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పిన ఇంకో సంగతి ఎవరూ ఎత్తరేం? ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు 28 నుంచి 33 శాతానికి పెరిగారు. 70 శాతం పిల్లల్లో రక్తహీనత. కరోనా మీదికి నెట్టకండి, మన దగ్గర ఆ సర్వే 2019లోనే అయిపోయింది. రాష్ట్రం దూసుకుపోతోందని చెప్పుకున్న ఏళ్లలోనే పిల్లల ఎదుగుదల ఆగింది.

డబ్బు ఎటు పోయిందో చూడండి. 2023 ఆగస్టులో హైదరాబాద్ శివారున, రంగారెడ్డి జిల్లా కోకాపేటలో సర్కారు భూమి వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. భూమి ఉన్నోడికి పండగే. లేనోడికి? గది అద్దె పెరిగింది, అంతే. ఒకప్పుడు వికారాబాద్ కూడా రంగారెడ్డి జిల్లాలోదే. 2016లో విడదీశాక తలసరి ఆదాయంలో రంగారెడ్డి మొదట, వికారాబాద్ చివరి వరుసలో. కలిసి ఉన్నప్పుడు ఆ తేడా అంతా సగటు కింద కప్పబడిపోయింది.

పొద్దున ఏడింటికి ఏ లేబర్ అడ్డా దగ్గరైనా ఓ అరగంట నిలబడండి. మేస్త్రీ బండి ఆగగానే పదిమంది చుట్టుముడతారు, ఆయన ఇద్దరు చాలంటాడు. ఆడమనిషికి కూలి తక్కువే చెప్తాడు. పదింటిదాకా పిలుపు రానివాళ్లు మధ్యాహ్నానికని తెచ్చుకున్న డబ్బా అక్కడే ఫుట్‌పాత్ మీద విప్పుతారు. వికారాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక అక్కను పిల్లల సంగతి అడిగా. "చిన్నది ఊర్లె మా అత్తమ్మ కాడ ఉంటది సారూ. ముసలామెకే శాతగాదు, ఏం పెడ్తదో ఏమో" అంది. ఆ 33 శాతంలో ఎంతమంది ఇట్లాంటి పిల్లలో!

సాయం కూడా భూమినే వెతుక్కుంటూ పోయింది. 2018లో వచ్చిన రైతుబంధు ఎకరాల లెక్కన ఇచ్చారు. ఇరవై ఎకరాలున్న ఆసామికి ఎకరం రైతు కంటే ఇరవై రెట్లు. ఊళ్లో లేకపోయినా పట్టాదారు ఖాతాలో పడింది, ఎండలో చేను చేసే కౌలు రైతుకు పైసా రాలేదు. కౌలు రైతులను గుర్తించి కార్డులివ్వాలని ఉమ్మడి రాష్ట్రంలోనే 2011లో చట్టం తెచ్చారు. దాన్ని మూలన పడేసిందెవరు? భూమి ఉన్నవాళ్ల మాటే చెల్లే చోట ఇంకేం జరుగుతుంది!

వృద్ధి వద్దని నేననట్లేదు. అది లేకపోతే ఆ అడ్డా కూడా ఉండదు. నేనడిగేది, సర్కారు భూమి వేలంలో వచ్చే ప్రతి కోటిలోంచి ఇంత అని చట్టంలో రాసి అంగన్‌వాడీలకు పెట్టమని. గుడ్డు, పాలు ఒక్క రోజు కూడా ఆగకుండా. తల్లిదండ్రులు పనికి పోయిన ఊళ్లలో సాయంత్రం దాకా పిల్లల్ని చూసుకునే మనిషితో సహా. కౌలు కార్డులు ఈ వానాకాలం లోపే ఇవ్వాలి. వచ్చే బడ్జెట్ ప్రసంగంలో తలసరి ఆదాయం చదివే ముందు, జిల్లాల వారీగా పిల్లల ఎత్తు, బరువు లెక్కలు చదవాలి.