కృష్ణకు భయపడ్డాం, బుడమేరుకు మునిగాం

2024 సెప్టెంబరు 2న విజయవాడలో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11.4 లక్షల క్యూసెక్కుల వరద వెళ్లింది. బ్యారేజీ చరిత్రలో అదే రికార్డు. అంత నీరు వచ్చినా కృష్ణలంక వైపు రిటైనింగ్ వాల్ నిలబడింది. ప్రతి వరదకూ సామాన్లు సర్దుకుని పునరావాస కేంద్రాలకు పరుగెత్తే అలవాటున్న వీధులు ఆసారి గట్టెక్కాయి. అప్పటికే నగరానికి ఉత్తరాన, కృష్ణ కంటికి కూడా కనపడని సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, న్యూ రాజరాజేశ్వరిపేటల్లో జనం డాబాల మీద నిలబడి పడవల కోసం ఎదురు చూస్తున్నారు. కొన్ని చోట్ల వారం దాటినా నీరు తీయలేదు.

మునిగిన ఇళ్లలో చాలా వాటిని కొన్నవాళ్లు కొనేముందు ఆలోచించకపోలేదు. 'ఏటికి దూరమే కదా' అని లెక్క చూసుకునే కొన్నారు. చూసుకున్న ఏరు ఒకటి, ముంచిన ఏరు ఇంకొకటి.

మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరుకు చేరే వాగు బుడమేరు. ఏడాదిలో ఎక్కువ రోజులు నగరంలో అది ఒక మురుగు కాలువలాగే కనిపిస్తుంది. వరదొస్తే వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర నీటిని మళ్లింపు కాలువలోకి తిప్పి, ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలపాలన్నది ఏర్పాటు. కానీ కృష్ణే నిండుగా ఉంటే ఆ నీటిని తీసుకోదు, వెనక్కి తన్నుతుంది. 2024లో కొండల మీద కుండపోత, కింద కృష్ణకు రికార్డు వరద ఒకేసారి వచ్చాయి. మళ్లింపు కాలువ కట్టకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. నీరు పాత దారినే వెతుక్కుంది. ఆ పాత దారిలో మనం కాలనీలు కట్టుకున్నాం.

హైదరాబాద్ కథ 2020 అక్టోబరులోనూ ఇదే. మూసీ గురించి 1908 వరద నుంచి చెప్పుకుంటూనే ఉన్నాం, దాని కోసమే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టుకున్నాం. ఆ ఏడాది పాతబస్తీ శివార్లను ముంచింది మాత్రం పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టల గండ్లు. టోలీచౌకి నదీమ్ కాలనీలో నీళ్లు నిలిచింది పక్కనున్న చెరువు వల్ల. అందుకే నా వరకు పెద్ద నది ఎంత దూరమన్నది రెండో ప్రశ్న. మీ వీధికి ఎగువన ఏ చెరువుంది, దాని అలుగు నీరు ఏ దారిన పోతుంది, ఆ దారిలో ఇప్పుడు ఏముంది అన్నది మొదటిది.

దీనికి ఇంజనీరే కానక్కర్లేదు. అమ్మకానికి పెట్టిన ఇల్లు కొత్త రంగుతో మెరిసిపోతుంటుంది. పక్కింటి ప్రహరీ మీద మాత్రం నడుమెత్తున మట్టి చార కనిపిస్తుంది. దాన్ని చూడాలి. ఇన్వర్టర్, కరెంటు మీటరు ఎంత ఎత్తులో బిగించారో చూడాలి. పాతకాపులు వాటిని పైకి జరిపారంటే ఊరికే జరపలేదు. పాత సిమెంటు రోడ్డును తవ్వకుండా దాని మీదే కొత్తది పోసుకుంటూ పోవడం మన మున్సిపాలిటీలకు అలవాటు. ఇరవై ఏళ్ల కింద రెండు మెట్లెక్కి వెళ్లిన ఇంట్లోకి ఇప్పుడు ఒక మెట్టు దిగి వెళ్తున్నామంటే, వాగు పొంగకపోయినా వాన నీరు లోపలికొస్తుంది. పక్కన కొత్తగా కట్టేవాడు నాలుగు లారీల గ్రావెల్ తోలించి మెరక చేసుకున్నా మన ఇల్లు పల్లమైపోతుంది. కాగితాల సంగతికొస్తే గ్రామ పటంలో వాగు, చెరువు గుర్తులుంటాయి. హైదరాబాద్‌లో చెరువు ఎఫ్‌టీఎల్ (నిండినప్పుడు నీరు నిలిచే మేర), దాని చుట్టూ ఖాళీగా వదలాల్సిన బఫర్ హద్దులు అడగాలి. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ వచ్చాక ఈ మాటలు జనం నోళ్లలో నానుతున్నాయి, కాకపోతే కూల్చివేతల భయంతో. ముంపు భయంతో అడిగేవాళ్లు ఇంకా తక్కువే.

మునిగాక చేతికొచ్చేదేమిటి? విజయవాడ ముంపు ప్రాంతాల్లో రాష్ట్ర ప్రభుత్వం కింది అంతస్తు ఇంటికి 25 వేలు, పై అంతస్తులకు 10 వేల రూపాయలు ఇచ్చింది. 2020లో హైదరాబాద్‌లో కుటుంబానికి 10 వేలు. ఇది సాయం. ప్రభుత్వం అంతస్తు చూస్తుంది గానీ ఇంట్లో పోయిన ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, ఉబ్బిపోయిన తలుపులు, మంచాలు లెక్కపెట్టదు, పెట్టడం దాని వల్ల కాదు కూడా. దీన్ని నష్టపరిహారం అనుకుని తిట్టుకోవడం దండగ.

పోయినదాన్ని లెక్కగట్టి ఇచ్చేది బీమానే. అది ఉందని తెలిసినవాళ్లు తక్కువ. 2021 ఏప్రిల్ 1 నుంచి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 'భారత్ గృహ రక్ష' పేరుతో ఒకే తరహా ఇంటి పాలసీని సాధారణ బీమా కంపెనీలన్నీ అమ్మాలని పెట్టింది. అగ్నిప్రమాదం, భూకంపంతో పాటు తుపాను, వరద, ముంపు కూడా అందులోనే. జనాన్ని వెనక్కి లాగేది విలువ లెక్క. 'మా ఇల్లు 80 లక్షలు, దానికి ప్రీమియం ఎంతవుతుందో' అని భయపడతారు. ఆ 80 లక్షల్లో సింహభాగం స్థలానిదే. స్థలం వరదకు కొట్టుకుపోదు, దానికి బీమా ఉండదు. తిరిగి కట్టడానికి అయ్యే ఖర్చే లెక్క. వెయ్యి చదరపు అడుగుల కార్పెట్ ఏరియాకు అడుగుకు 2,000 చొప్పున వేసుకుంటే 20 లక్షలు. అందులో 20 శాతం, అంటే 4 లక్షల వరకు, ఇంట్లోని సామానుకు జాబితా ఇవ్వకుండానే కవర్ వస్తుంది. గరిష్ఠంగా 10 లక్షలు. ఇంటి విలువ కాస్త తక్కువ చూపించారని క్లెయిమును ఆ నిష్పత్తిలో కోసే పద్ధతి ఈ పాలసీలో లేదు. నగదు, నగలు సాధారణ సామాను కిందికి రావు. అద్దెకున్నవాళ్లు సామానుకు మాత్రమే తీసుకోవచ్చు.

'మాకు బ్యాంకు లోనుతో పాటే బీమా ఉందండీ' అనేవాళ్లు ఒకసారి బీరువాలోంచి ఆ కాగితం తీసి చదవాలి. చాలాసార్లు అది అప్పు తీసుకున్న మనిషి చనిపోతే బాకీ తీర్చే జీవిత బీమా. ఇంట్లోకి నడుమెత్తు నీళ్లొస్తే అది పైసా ఇవ్వదు. ఇంటికే బీమా ఉన్నా సామాను అందులో ఉందో లేదో చూడాలి. గోడలు నిలబడి సామాను పోయే వరదలే మన పట్టణాల్లో ఎక్కువ.

క్లెయిము దగ్గర మరో చిక్కు. నీరు తీశాక సింగ్‌నగర్ వీధుల్లో పరుపులు, సోఫాలు, ఫ్రిజ్‌లు బురదతో గుట్టలు పడ్డాయి. ఫైరింజన్లు తెచ్చి ఇళ్లు కడిగించారు. ఆ కంపులో ఎవరైనా చేసే పని అదే. నష్టం లెక్కగట్టే బీమా సర్వేయరు వచ్చేసరికి చూపించడానికి ఏమీ మిగలదు. పారేసే ముందు ఫోనులో వీడియో, టీవీ, ఫ్రిజ్‌ల వెనకుండే సీరియల్ నంబర్ల ఫోటో, గోడ మీద నీటి గీత ఫోటో తీసుకుని, బీమా కంపెనీకి కబురు పెట్టి క్లెయిము నంబరు తీసుకోవాలి. ఇల్లు వదిలి వెళ్లినప్పుడు దొంగలు పడినా, వరద వచ్చిన ఏడు రోజుల్లోపు, దాని కారణంగా జరిగిన దొంగతనం ఈ పాలసీ కిందికే వస్తుంది. కార్ల సంగతి వేరే. నీళ్లలో మునిగిన బండిని స్టార్ట్ చేసి చూస్తే ఇంజిను పోతుంది, కారు బీమాలో 'ఇంజిన్ ప్రొటెక్ట్' అనే అదనపు కవర్ లేకపోతే ఆ ఖర్చు మన నెత్తిన పడుతుంది.

ఇక ప్రభుత్వాన్ని అడగాల్సింది ఒకటుంది. హైదరాబాద్‌లోని ఇస్రో సంస్థ ఎన్‌ఆర్‌ఎస్‌సీ ఉపగ్రహ చిత్రాలతో ముంపు పటాలు తయారు చేస్తుంది, భువన్ పోర్టల్‌లో పెడుతుంది. దాన్ని వీధి స్థాయికి దించి, వార్డు సచివాలయం గోడ మీద అతికించడం, రిజిస్ట్రేషన్ ఆఫీసులో కొనేవాడి చేతిలో పెట్టడం ఏమంత కష్టం? కష్టం సాంకేతికంగా లేదని నా అభిప్రాయం. పటం అతికించిన మర్నాడు ఆ వార్డులో గజం ధర పడిపోతుంది. అమ్మేవాడికి, వెంచరు వేసినవాడికి, అక్కడే అప్పు చేసి కొనుక్కున్న మధ్యతరగతి మనిషికి కూడా అది ఇష్టం ఉండదు. కార్పొరేటరుకు అసలే ఉండదు.

బీమా కంపెనీలు మాత్రం ఆ పటం కోసం ఎల్లకాలం ఆగవు. భూకంపానికి జోన్ల వారీ రేట్లు ఎప్పటి నుంచో ఉన్నాయి. వరదకు వీధి వారీ లెక్క ఇంకా లేదు కాబట్టే మెరక మీది ఇంటికీ, బుడమేరు పక్క ఇంటికీ ప్రీమియంలో పెద్ద తేడా కనపడదు. పల్లంలో ఉన్నవాడికి ఇది ఇప్పటికి లాభం. ఈ పాలసీని ఏకంగా పదేళ్లకు కూడా తీసుకోవచ్చు, ప్రీమియం ముందే కట్టేస్తారు కాబట్టి మధ్యలో రేటు మారినా ఇబ్బంది లేదు. సింగ్‌నగర్‌లో కింది అంతస్తులో ఉంటున్నవాళ్లు రేట్లు మారకముందే ఆ పని చేసుకుంటే మంచిది.