ఎడమకి లాగే బండి

మా వాడి ఎనిమిదో పుట్టినరోజు పేరు చెప్పి నాకు నేనే ఒక రిమోట్ ట్రక్కు కొనుక్కున్నాను. ఈ ముక్క నేనే ముందు ఒప్పేసుకుంటే మా ఆవిడ చెప్పే పని ఉండదు. కొన్న రెండు నెలల్లో రిమోట్ వాడి చేతిలో ఉన్నది మొత్తం కలిపి 11 నిమిషాలట. అది వాడి లెక్క. నా లెక్క ప్రకారం 12.

దాన్ని ఎవరైనా బొమ్మ అంటే నాకు చిర్రెత్తుకొస్తుంది. అసలు బండిలో పదో వంతు సైజు, నాలుగు చక్రాలకీ పవర్, బ్రష్‌లెస్ మోటారు, మూడు సెల్సున్న లిపో బ్యాటరీ. ఫుల్ ఛార్జి చేస్తే 12.6 ఓల్టులు. పెట్టె మీద గంటకి 60 మైళ్ళని అచ్చేశారు. మన లెక్కలో 96 కిలోమీటర్లు. నా అసలు కారు ఆఫీసుకెళ్ళే దారిలో ఏనాడూ చూడని అంకె అది.

ఆ వేగం చూడాలంటే రోడ్డు తిన్నగా ఉండాలి, నున్నగా ఉండాలి, ఓ రెండు వందల మీటర్లు ఖాళీగా ఉండాలి. హైదరాబాదులో ఈ మూడింట్లో ఒకటి దొరికిన రోజు స్వీట్లు పంచుకోవచ్చు. అప్పుడు గుర్తొచ్చింది మా అత్తారి ఊరు. పాలకొల్లు దగ్గర, కాలవ గట్టు మీద కొత్తగా వేసిన తారు రోడ్డు. దసరాకి వెళ్ళినప్పుడే దాని మీద నా కన్ను పడింది.

"ఏవండీ, పదేళ్ళలో ఎప్పుడూ లేంది, మా ఊరెళ్దామని మీరే అడుగుతున్నారేంటి?" అంది మా ఆవిడ. మీ అమ్మానాన్నల్ని చూడాలనిపిస్తోంది అన్నాను. ఆ సంతోషం డిక్కీలో ట్రక్కు పెట్టె కనబడేదాకా ఉంది.

డిసెంబరు నెలాఖరు. నేను మర్చిపోయిందేమిటంటే, సార్వా కోతలయ్యాక ధాన్యం రోడ్డెక్కే రోజులవి. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు కాబట్టి ఊరు ఊరంతా బరకాలు పరిచి ఆరబోస్తారు. గట్టు రోడ్డులో చేల వైపు సగం పొడవునా ధాన్యమే. కాలవ వైపు సగం మాత్రం మోటారు సైకిళ్ళకీ, నాకూ మిగిలింది.

మొదటి రోజు పొద్దున్నే నేనూ, మా బావమరిదీ, మా వాడూ కల్వర్టు దగ్గర నిలబడి బండి వదిలాం. మూడు పదుల మీటర్లు బుద్ధిగా పోయింది. ఆ తర్వాత నెమ్మదిగా, ఎవరో పిలిచినట్టు, ఎడమకి తిరగడం మొదలెట్టింది. ఎడమ పక్కనే కాలవ. ఎండలో మేసిన గేదె నీళ్ళ వైపు తనంతట తాను నడిచినట్టు నడుస్తోంది. బ్రేకు కొట్టాను. మళ్ళీ వదిలాను. మళ్ళీ ఎడమకే.

"బావగారూ, బండి ఎడమకి లాగుతోందండి" అన్నాడు బావమరిది.

కనబడుతోందన్నాను.

వీల్ అలైన్‌మెంట్ చేయాలంటే బండిని పూర్తి చదునుగా ఉన్న దాని మీద నిలబెట్టాలి. మా అత్తయ్య గారింట్లో అంత చదునుగా ఉన్నది ఒక్కటే, వంటగదిలో గ్రానైటు గట్టు. ఆవిడ పాపం ఒక్క మాట అనకుండా కూరగాయలూ, కత్తిపీటా తీసుకుని కింద కూర్చున్నారు. గంటకోసారి ఓ గారె ప్లేటులో పెట్టి ట్రక్కు పక్కన ఉంచి వెళ్ళేవారు. బండికి పెట్టారో నాకు పెట్టారో అడగలేదు.

ముందు చక్రాల ముక్కులు లోపలికి చూస్తున్నాయా, బయటికి చూస్తున్నాయా అన్నదాన్ని టో అంటారు. బయటికి చూస్తుంటే బండి మలుపు దగ్గర చురుగ్గా ఉంటుంది గానీ తిన్నటి రోడ్డు మీద చీటికీ మాటికీ ఉలిక్కిపడుతుంది. ఒక్క డిగ్రీ లోపలికి తిప్పితే నెమ్మదిస్తుంది. చక్రం నిట్టనిలువుగా ఉందా, పైభాగం లోపలికి వాలిందా అన్నది క్యాంబర్. ఈ మాట కాస్త గుర్తు పెట్టుకోండి, తర్వాత పని పడుతుంది. మా వాడి జామెట్రీ బాక్సులోంచి కోణమానిని తీసుకుని నాలుగు చక్రాల క్యాంబరూ కొలిచాను. కుడి పక్క ఒక డిగ్రీ, ఎడమ పక్క ఒకటిన్నర. దొరికింది దొంగ! అని అరిచాను. మా అత్తయ్య గారు ఉలిక్కిపడి వీధి తలుపు వైపు చూశారు.

అరడిగ్రీ సరిచేశాను. మర్నాడు పొద్దున్న ఎడమకే పోయింది.

ఆ రోజు టైర్ల మీద పడ్డాను. వేగం పెరిగేకొద్దీ ఈ రబ్బరు టైర్లు సాగి, అట్టు పోసినట్టు సన్నగా, పెద్దగా అవుతాయి. నాలుగూ ఒకేలా సాగవు. బండి ఎటో ఒకటి లాగుతుంది. దీనికి మందు, టైరు ఊడదీసి లోపల చుట్టూ గట్టి టేపు అతికించడం. అవి రిమ్ముకి జిగురుతో అంటించి ఉంటాయి. ఊడదీయడానికి నీళ్ళల్లో ఉడకబెట్టాలి. మా అత్తయ్య గారి పప్పు గిన్నెలో అని వేరే చెప్పక్కర్లేదు కదా. సాయంత్రం పప్పు కొంచెం తేడాగా ఉందని మావయ్య గారు అన్నారు. అత్తయ్య గారు నా వైపు చూడకుండా "కొత్త కందిపప్పండి" అన్నారు. ఆ ఒక్క మాటకి ఆవిడకి జన్మంతా రుణపడి ఉంటాను.

అంతటితో ఊరుకున్నానా? గాలి కిందికి దూరి బండిని పైకి లేపకుండా ముందు భాగం వెనకకంటే ఓ మూడు మిల్లీమీటర్లు కిందికి దించాను. కొలతకి రూపాయి బిళ్ళలు దొంతరగా పేర్చాను. వెనక చక్రాలకి టో ఎక్కువ చేశాను. స్టీరింగు కీళ్ళలో కాస్త వదులు ఉందని షిమ్ములు, అంటే సన్నటి బిళ్ళలు, వేశాను. బండిలో రిమోట్ మాట వినే రిసీవరులో జైరో ఒకటి ఉంటుంది, బండి పక్కకి తిరగబోతే పసిగట్టి స్టీరింగుని ఎదురు తిప్పుతుంది. అది కూడా ఆన్ చేశాను. కాకపోతే దిక్కు తిరగేసి పెట్టాను. దానివల్ల ఏమవుతుందంటే, బండి పడబోతుంటే పట్టుకోవాల్సిన మనిషి వెనక నుంచి తోసినట్టవుతుంది. అత్తారింటి ముందు బండి గిర్రున ఏడు చుట్లు తిరిగింది. మా వాడు చప్పట్లు కొట్టాడు. ఆ రెండు నెలల్లో వాడికి నిజంగా నచ్చింది అదొక్కటే.

మూడో రోజుకి సహనం చచ్చిపోయి, ఎవరైనా మొదటి రోజే చేసే పని చేశాను. రిమోట్ మీద ట్రిమ్ము అని చిన్న బొత్తం ఉంటుంది. బండి ఎడమకి లాగితే దాన్ని కుడికి నొక్కుకుంటూ పోవడమే. నాలుగు సార్లు నొక్కితే చాలేది. నాకున్న కసికి తొమ్మిది నొక్కాను.

బండి ఈసారి ఎడమకి పోలేదు. యాభై మీటర్ల దగ్గర కుడికి మళ్ళి, మంచి వేగం మీద, ఒక రైతు గారి ధాన్యం రాశిలోకి దూరింది. నాలుగు చక్రాలూ తిరుగుతూనే ఉన్నాయి. ఆ ధాన్యం గాల్లోకి లేచిన తీరు చూడాలి. బంగారు రంగు ఫౌంటెన్. అదే సమయానికి మావయ్య గారు సైకిలు మీద అటుగా వచ్చారు. దిగి, స్టాండు వేసి, కాసేపు చూసి, "తూర్పారబడుతున్నారా అల్లుడు గారూ?" అన్నారు.

గోదావరి జిల్లాల్లో ఇదొక బాధ. ఎదుటివాడు వెటకారం ఆడుతున్నాడో మర్యాద చేస్తున్నాడో ఆ "అండీ, గారూ"ల మధ్యలో తేల్చుకోలేం. నేను పదేళ్ళుగా తేల్చుకోలేకపోతున్నాను. ఆ ధాన్యం తాలూకు పెద్దాయన మాత్రం "పర్లేదు బాబు గారూ, ఎలాగూ తిరగెయ్యాలి కదండీ" అని కాళ్ళతో ధాన్యం సర్దుకుంటూ పోయారు. నేనూ మా వాడూ అరగంట కూర్చుని రోడ్డు మీద గింజలు ఏరాం.

ట్రిమ్ము అయిదు తగ్గించి నాలుగు దగ్గర పెట్టాను. అప్పుడు, చెబితే నమ్మరు, గీత గీసినట్టు పోయింది. రెండు వందల మీటర్లు, ధాన్యానికీ కాలవకీ మధ్య ఆ సన్నటి దారిలో, స్టీరింగు ముట్టుకోకుండా. బండి నెత్తిన వేగం కొలిచే అగ్గిపెట్టంత జీపీఎస్ టేపుతో అంటించాం. ఆ చివర బావమరిది పట్టుకుని చూసి "71 కిలోమీటర్లు బావగారూ!" అని కేకేశాడు. నా జన్మలో ఇంత ఆనందం మా పెళ్ళిలో... సరే, ఆ పోలిక వద్దు.

అక్కడితో ఆపేసి ఇంటికెళ్ళి గారెలు తిని ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు. కానీ స్పీడ్ రన్‌లో ఒక పద్ధతి ఉంది. గాలి సాయం లెక్కలోకి రాకుండా, పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ రెండు వైపులా తీసి సగటు కట్టాలి. ఈ సంగతి బావమరిదికి నేనే చెప్పాను. వాడు అక్కడే బండిని నా వైపు తిప్పి పెట్టి, "రానివ్వండి!" అన్నాడు. మిగతా సగం నిండా ధాన్యమే కాబట్టి, రావడం కూడా ఆ కాలవ వైపు సగం మీదే.

ట్రిగ్గరు పూర్తిగా నొక్కాను. బండి బయల్దేరింది. ఈసారి ఎడమకి లాగలేదు. తన కుడికి లాగింది. అంటే మళ్ళీ కాలవ వైపే! అదీ ముందు కంటే రెండింతల పట్టుదలతో. నాకేమో బండి నా ఎడమకి పోతున్నట్టు కనబడింది. స్టీరింగు కుడికి తిప్పాను. ఎదురుగా వస్తున్న బండికి దాని కుడి మన ఎడమ అవుతుందని రిమోట్ పట్టుకున్న మొదటి రోజు పిల్లలకి కూడా చెబుతారు. మా వాడికి నేనే చెప్పాను. "నాన్నా, ఇటు కాదు, అటు!" అని వాడు అరుస్తూనే ఉన్నాడు. నేను ఇంకొంచెం కుడికి తిప్పాను.

గట్టు అంచు దగ్గర ఒక రాయి ఉంది. దాని మీంచి ఎగిరి, గాల్లో ఒకసారి పల్టీ కొట్టి, కాలవ మధ్యలో గుర్రపుడెక్క మీద వెల్లకిలా పడింది. మునగలేదు. నాలుగు బెలూన్లలాంటి టైర్లు కదా, తేలుతోంది. చక్రాలు ఆకాశంలోకి తిరుగుతూ, గుర్రపుడెక్కతో సహా, ప్రవాహంలో తాపీగా దిగువకి సాగిపోయింది. ఆ పోవడం మాత్రం ఎంత తిన్నగా పోయిందో!

గట్టు వెంబడి మేం పరిగెత్తాం. ఎవరో కొబ్బరి గెడ తెచ్చారు. స్నానానికి దిగిన కుర్రాడొకడు ఈదుకుంటూ వెళ్ళి ఒడ్డుకి తోశాడు. ఆ పాటికి ముప్ఫై మంది పోగయ్యారు. బండి బాడీలోంచి నీళ్ళూ, బురదా, ధాన్యం గింజలూ కలిసి కారుతున్నాయి. మా బావమరిది జీపీఎస్ తుడిచి చూసి, ఈ సమయంలో చెప్పొచ్చో లేదో అన్నట్టు నసిగి, "74 అండి" అన్నాడు.

ధాన్యం పెద్దాయన నా పక్కకి వచ్చి నిలబడ్డారు.

"బాబు గారూ, ఏమీ అనుకోకండి. బండిది కాదండి తప్పు. రోడ్డు వాలుగా ఉందండి."

ఆయన బరకం అంచు చూపించారు. చేల వైపు అంచున వరసగా ఇటుకలు పేర్చి ఉన్నాయి. రోడ్డు మధ్య వైపు ఒక్కటీ లేదు. "మధ్యలో ఎత్తూ, రెండు పక్కలా పల్లమూ పెడతారు కదండీ, వాన నీళ్ళు నిలవకుండా. ఇటుకలు లేపోతే మా ధాన్యం అటు చేలోకి జారిపోద్దండి. మీ బండి ఇటు కాలవలోకి జారుతోందండి. పోయేటప్పుడు అది దాని ఎడమ, వచ్చేటప్పుడు కుడి. అంతేనండి."

అంతే. ఎడమ పల్లానికి విరుగుడుగా నేను కుడి ట్రిమ్ము పెట్టాను. తిరుగు ప్రయాణంలో పల్లం కుడికి మారింది, ట్రిమ్ము కూడా కుడే. రెండూ చేతులు కలిపాయి.

"మరి మూడు రోజుల నుంచి చూస్తున్నారు, ముందే చెప్పొచ్చు కదండీ!"

"మీరు పెద్ద ఇంజినీరు గారని మీ మావగారు చెప్పారండి. మీకు తెలీదా అని ఊరుకున్నానండి."

ఇక్కడ ఇంకో నిజం ఒప్పుకోవాలి. నేను చేసేది సాఫ్ట్‌వేరే గానీ చదివింది సివిల్. రోడ్డుకి అలా రెండు పక్కలా ఇచ్చే వాలు గురించి మూడో సంవత్సరంలో ఒక పాఠమే ఉంది. తారు రోడ్డుకి మీటరుకి సుమారు రెండు, రెండున్నర సెంటీమీటర్లు. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న, బొమ్మ కూడా గీశాను. ఆ వాలుని ఏమంటారో తెలుసా? క్యాంబర్. మూడు రోజుల పాటు అత్తగారి వంటగది ఆక్రమించి, కోణమానినితో చక్రాల క్యాంబర్ అరడిగ్రీ అరడిగ్రీ సవరించినవాణ్ణి, కాళ్ళ కింద ఉన్న క్యాంబర్ మీద నిలబడే ఆ పని చేశాను.

ఈ సంగతి మా ఆవిడకి చెప్పలేదు. మావయ్య గారు చెప్పారు. భోజనాల దగ్గర, అందరి ముందూ, "అల్లుడు గారికి రెండు మార్కులు పోయాయమ్మా" అని.

హైదరాబాదు వచ్చాక బండి పెట్టె బాల్కనీలో ఓ మూల పడేశాను. చూడ్డానికి మనసొప్పలేదు. వారం పది రోజులకి మా వాడే విప్పి, "నాన్నా, ఇటు రా!" అని పిలిచాడు. బ్యాటరీ పెట్టే గాడిలో ఎండీ ఎండని కాలవ బురద. అందులో నాలుగు వరి మొలకలు, వేలెడంత పొడుగున, పచ్చగా, నిలువునా లేచి ఉన్నాయి.

ఫొటో తీసి మావయ్య గారికి పంపాను. నిమిషంలో ఫోన్ వచ్చింది.

"అల్లుడు గారూ, అది మా మార్టేరు స్వర్ణ రకమేనండి, 7029. మొలక బాగుంది. ఎన్ని గింజలు పడ్డాయండి లోపల?"

లెక్కపెట్టి చెబుతానన్నాను. మా వాడు అప్పటికే గ్లాసుతో నీళ్ళు తెచ్చి మోటారు పక్కన పోస్తున్నాడు.