పత్తి నిషిద్ధం, నడక తప్పనిసరి

హనుమకొండ, కాజీపేటల్లో రిటైరైన తల్లిదండ్రులు చలికాలంలో అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్లి, అక్కడి అడవిలో మంచు మీద నడిచి వస్తున్న ఉదంతాలు ఈమధ్య తరచుగా వినబడుతున్నాయి. నడక అంటే మామూలు నడక కాదు. మంచులో దిగబడకుండా బూట్ల కింద కట్టుకునే వెడల్పాటి చట్రాలు, అంటే స్నోషూలు, కాళ్లకు బిగించుకుని, చేతుల్లో రెండు కర్రలు పట్టుకుని, ఒక గైడు వెనుక వరుసగా, ఆయన ఆగమన్న చోట ఆగుతూ, చూడమన్న చెట్టును చూస్తూ సాగడం. దీనిని తేలికగా తీసుకోరాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. పాల ప్యాకెట్ కోసం వీధి చివరి దాకా స్కూటర్ తీసే వర్గం, నడవడానికి వీసా తీసుకోవడం చిన్న విషయం కాదు.

మన పిల్లలు విస్తారంగా ఉద్యోగాలు చేసే సియాటెల్‌కు కొన్ని గంటల ప్రయాణ దూరంలో రెయినియర్ పర్వతం ఉంది. ఎత్తు 4,392 మీటర్లు. దాని దక్షిణపు వాలు మీద పారడైజ్ అనే చోట 1971–72లో ఒక్క ఏడాదిలోనే మొత్తం 28 మీటర్లకు పైగా మంచు కురిసింది. చలికాలమంతా ఆ పర్వతం చుట్టూ ఉన్న నేషనల్ పార్కులోకి వెళ్లే ప్రతి బండిలోనూ టైర్లకు కట్టే గొలుసులు ఉండి తీరాలన్నది నిబంధన. టైర్లకే అంత ముందుజాగ్రత్త అవసరమైన చోట మనిషి పాదాలను ఉత్తగా వదలరు.

స్నోషూ పనితనం గురించి గైడు చెప్పే పాఠం మనవాళ్లకు నిజానికి అనవసరం. కరిగెట్టులో ట్రాక్టర్ దిగబడకుండా కేజ్ వీల్స్ ఎందుకు బిగిస్తారో తెలిసిన రైతుకు, బరువును వెడల్పుగా పరిస్తే పాదం మంచులో కూరుకుపోదని, అడుగున ఇనుప పళ్లుంటే జారదని వేరే చెప్పాలా? ఉత్తర అమెరికా మూలవాసులు కర్రను వంచి, పచ్చితోలు పట్టీలు అల్లి, వేటకూ ప్రయాణానికీ వీటిని తయారు చేసుకున్నారు. ఇప్పుడు అల్యూమినియం, ప్లాస్టిక్ వచ్చాయి. నీళ్ల మీద తేలే ఇటుకలతో రామప్ప గుడి శిఖరం కట్టిన గడ్డ నుంచి వెళ్లినవారు, మునగకుండా ఉండటం గురించిన ఈ పాఠాన్ని చేతులు కట్టుకుని వింటారు. "గింత దూరం తోలుకొచ్చి నడిపిస్తున్నవేంది బిడ్డా" అని ఏ తల్లి అయినా అంటే, ఆమెకు ప్రకృతి పట్ల అభిరుచి లేదని తేల్చేస్తారు.

అసలు అభ్యంతరం బట్టల దగ్గర ఉంది. స్నోషూ నడకకు పత్తి బట్టలు పనికిరావు. పత్తి చెమటను పీల్చుకుని త్వరగా ఆరదని, తడి బట్ట ఒంట్లోని వేడిని లాగేస్తుందని, ఉన్ని గానీ పాలిస్టర్ గానీ పొరలు పొరలుగా వేసుకోవాలని చెబుతారు. శాస్త్రం సరే, మర్యాద మాట ఏమిటి? ఎనుమాముల మార్కెట్‌లో పత్తి అమ్మి కొడుకును ఇంజనీరింగ్ చదివించిన తండ్రి, ఆ కొడుకు కొనిచ్చిన టికెట్‌తో వెళ్లి, అడవి వాకిట్లో పత్తి బనియన్ విప్పవలసి రావడం ఎంత కష్టం! మన దగ్గర పత్తిలో తేమ 8 శాతం దాటితే ధర తగ్గిస్తారు, 12 దాటితే ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ సీసీఐ కొననే కొనదు. పత్తికి తేమ పీల్చే గుణముందన్న ఫిర్యాదు ఖండాలు దాటి రెయినియర్ దాకా వెంటపడుతుందని ఏ రైతూ ఊహించి ఉండడు.

నడక నియమాల్లో మరొకటి మనకు బొత్తిగా కొత్త. ముందు నడిచేవాడే తాజా మంచును తొక్కి దారి చేయాలి. కష్టమంతా వాడిది, వెనుకవాళ్లకు సుఖం. నాయకుడి కోసం వెనుకవాళ్లు దారి ఊడ్చే పద్ధతికి అలవాటుపడిన మనకు ఇది అరాచకంగా తోస్తుంది. వెనక్కి అడుగు వేయబోతే స్నోషూ తోక మంచులో గుచ్చుకుని పడిపోతారు కనుక, పార్టీ మారినట్టు నింపాదిగా చుట్టూ తిరగాలి. చెట్ల మొదళ్ల దగ్గరికి వెళ్లనివ్వరు. కొమ్మల కింద మంచు గుల్లగా ఉండి, తలకిందులుగా పడినవాడు తనంతట తాను బయటపడలేడు. ఈ ప్రమాదాలన్నిటికీ బాధ్యత నడిచేవాళ్లదేనని డబ్బు తీసుకునే టూర్లవాళ్లు ముందే ఒక ఫారం మీద సంతకం పెట్టించుకుంటారు. ఇంటికొచ్చిన కరెంటు బిల్లును నాలుగుసార్లు తిప్పి చూసే పెద్దమనిషి ఆ ఫారాన్ని చదవకుండానే సంతకం చేస్తాడు.

ఆ తరువాత గైడు మంచులో ఒక జాడ చూపించి, ఇది స్నోషూ కుందేలు, వెనుక పాదాలు వెడల్పుగా ఉంటాయి కనుకనే మంచులో దిగబడదు అంటాడు. అందరూ గొంతు తగ్గించి తలలూపుతారు. జాడ చూసి జంతువును చెప్పడం గొప్ప విద్యే. మేడారం దారిలోని తాడ్వాయి అడవిలో ఆ విద్య తెలిసిన కోయ పెద్దమనిషి ఉంటే, మనవాళ్లు కారు ఆపి ఆయనను అడిగేది ఇప్పపువ్వు దొరుకుతుందా అని మాత్రమే. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చాక కూడా పోడు పట్టా కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషికి అడవి తెలుసునని నమ్మడం మనకు కష్టం. ఆయన ఒంటి మీద జేబులున్న జాకెట్ లేదు.

మేడారం సంగతి అందరికీ తెలిసిందే. ఎడ్లబండ్ల మీద, కాలినడకన పోయిన తోవకు ఈమధ్య జాతరల్లో హనుమకొండ నుంచి హెలికాప్టర్ నడిపారు. మన అడవి మీదుగా ఎగిరి, పరాయి అడవిలో నడిచే ఈ సంప్రదాయం స్థిరపడుతున్నందున ప్రభుత్వానికి ఒక మనవి. తాడ్వాయిలో మంచు కురిపించనక్కరలేదు. ఆ కోయ పెద్దమనిషికి జేబుల జాకెట్ తొడిగి, గంటకు ఇంత అని డాలర్లలో రేటు రాయించి, వరుసలో నడవని వారిని వెనక్కి పంపే అధికారం ఇస్తే చాలు, హనుమకొండ కార్లన్నీ అక్కడే ఉంటాయి. మే నెలలో కూడా పత్తి బట్టలు నిషేధిస్తే గిరాకీ ఇంకా పెరుగుతుంది. సంతకం పెట్టే ఫారం మాత్రం ఇంగ్లీషులోనే ఉండాలి; తెలుగులో ఉంటే చదివేస్తారు.